బంపీ కొమ్ము ఎందుకు గుర్తుండిపోయింది

తమ్ముడూ,

నీ వ్యాసం మొత్తం చదివాను. డైనోసార్ల పార్కు ఉన్న దీవిలో చిక్కుకుపోయిన ఆరుగురు పిల్లల యానిమేషన్ సిరీస్ ‘జురాసిక్ వరల్డ్: క్యాంప్ క్రెటేషియస్’లో చాలామంది గమనించకుండా దాటిపోయే చిన్న చిన్న విషయాలన్నీ ఏరి ఒకచోట పెట్టావు. అంత ఓపిగ్గా చూసేవాళ్లు తక్కువ, అది నీ బలం, దాన్ని పోగొట్టుకోకు. కానీ మూడో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీలో ఏం చదివానో గుర్తు రాలేదు. నీ వాక్యాలు బాగానే ఉన్నాయి, చిక్కల్లా ప్రతి విషయాన్నీ ఒకే బరువుతో చెప్పడంలో వచ్చింది. 2020 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది, ఐదు సీజన్లకీ కలిపి 49 ఎపిసోడ్లు, పిల్లల్లో ఒకరైన బ్రూక్లిన్‌కి గొంతు ఇచ్చింది జెన్నా ఒర్టేగా, బంపీ అనే డైనోసార్ పిల్ల కొమ్ములు రెండు వైపులా ఒకేలా ఉండవు అని వరసగా పేర్చుకుంటూ పోయావు. మొదటి మూడూ ఎవరు వెతికినా నిమిషంలో దొరుకుతాయి. నాలుగోది కథ లోపల ఉంది, దాన్ని చూడాలంటే సిరీస్ చూసి ఉండాలి.

ఆ నాలుగోదాని దగ్గర నువ్వు ఒక్క వాక్యంతో ఆగిపోయావు. అక్కడ ఇంకాసేపు ఉండాల్సింది. బంపీ ల్యాబ్‌లో గుడ్డు పగలగొట్టుకుని పుట్టిన ఆంకిలోసారస్ (ఒళ్లంతా కవచం ఉండే, ఆకులు తినే డైనోసార్) పిల్ల, దాని కొమ్ముల్లో తేడా ఉంది. ఆరుగురు పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువ భయపడే బెన్‌కి అది దగ్గరవుతుంది. మొదటి సీజన్ చివర బెన్ మోనోరైలు నుంచి కింద పడతాడు, రెండో సీజన్లో మళ్లీ కనిపించేసరికి బంపీ పెద్ద జంతువైపోయి ఉంటుంది. ఒళ్లు మారింది, ఎత్తు మారింది, అరుపు మారింది. మరి చూసేవాళ్లకి అది బంపీయే అని ఎలా తెలిసింది? ఆ వంకర కొమ్ము వల్లే. బొమ్మ గీసిన మనిషి మొదట్లోనే ఒక గుర్తు పెట్టుకున్నాడు కాబట్టి తర్వాత ఏ పాత్రా నోరు తెరిచి “ఇది మన బంపీ” అని చెప్పాల్సిన పని లేకపోయింది, చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్ల మనందరికంటే ముందే గుర్తుపట్టి కేక పెడుతుంది.

అందుకే ఏ వివరం రాసినా ముందు ఒక ప్రశ్న వేసుకో: దీన్ని తీసేస్తే కథలో ఏం పోతుంది? ఏమీ పోకపోతే ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లు, లేదా వదిలెయ్. ఏదో పోతుందంటే అక్కడే కూర్చుని రాయి, ఒక పేజీ అయినా ఫర్వాలేదు.

టోరో ముఖం మీద కాలిన మచ్చ కూడా అలాంటిదే, దాన్ని నువ్వు అసలు రాయనే లేదు! టోరో అనే ఆ కార్నోటారస్ (తల మీద కొమ్ములుండే మాంసాహార డైనోసార్) మొదటి సీజన్ చివర్లో కాలుతుంది, రెండో సీజన్లో అదే మచ్చతో వచ్చి బెన్ ముందు నిలబడుతుంది. ఒక్కో ఎపిసోడ్‌కీ కొత్త డైనోసార్‌ని దింపడం చాలా సులువు, పిల్లలు కూడా అదే అడుగుతారు. పాత జంతువునే పాత గాయంతో తిరిగి తీసుకురావాలంటే రాసేవాడికి మాత్రం చాలా జ్ఞాపకం ఉండాలి. ఆ మచ్చ కనబడగానే ఈ జంతువుకీ ఈ పిల్లలకీ మధ్య ఇదివరకే ఏదో జరిగిందని తెలిసిపోతుంది, భయం రెట్టింపవుతుంది.

సమయం గురించి నువ్వు రాసిన పేరా నాకు బాగా నచ్చింది. మొదటి సీజన్ కథ 2015లో వచ్చిన ‘జురాసిక్ వరల్డ్’ సినిమా కథ జరుగుతున్న రోజుల్లోనే, అదే ఇస్లా నుబ్లార్ దీవిలో ఇంకో మూలన నడుస్తుంది. కానీ “భలే కలిపారు” అని అక్కడితో వదిలేశావు. కలపడం వల్ల ఏమైందో చెప్పు. పార్క్ కూలిపోతుందని మనకి తెలుసు, పిల్లలకి తెలియదు. పెద్దవాళ్లు వచ్చి తీసుకెళ్తారని వాళ్లు నమ్ముతుంటే మనకి కడుపులో టెన్షన్ మొదలవుతుంది. చివరికి రేవు దాకా పరుగెత్తుకుంటూ వస్తే పడవ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

ఇక సైన్సు సంగతి. వ్యాసం రెండో సగమంతా తప్పులు పట్టడానికే వాడావు. అసలు వెలాసిరాప్టర్ టర్కీ కోడి అంతే ఉండేది, దానికి ఈకలుండేవి, నిజమే. స్టెగోసారస్‌కీ టి. రెక్స్‌కీ మధ్య ఎనిమిది కోట్ల ఏళ్ల దూరం ఉంది, టి. రెక్స్‌కీ మనకీ మధ్య ఆరున్నర కోట్లకి కాస్త ఎక్కువే, ఇదీ నిజమే, పైగా చదివిన పిల్లవాడు జన్మలో మర్చిపోని సంగతి. దాన్ని తప్పుల జాబితాలో పడేసి ఎందుకు చిన్నబుచ్చావు? ఈ సిరీస్‌లోని పార్క్ ల్యాబ్‌లో తయారుచేసిన జంతువులతో నిండినది. చీకట్లో మెరిసే పారాసారోలోఫస్‌లు (ఆకులు తినే ఒక రకం డైనోసార్లు) అక్కడ ఉన్నాయి, నిజంగా అవి మెరిసేవని ఎవరూ అనలేదు. కానీ నిజం పారాసారోలోఫస్ దగ్గర అంతకంటే గొప్ప విషయం ఒకటుంది: తల మీద ఉన్న ఆ పొడవాటి తురాయి లోపల బోలు గొట్టాలుండేవి, వాటిలోంచి గాలి పోతే ఎలాంటి శబ్దం వచ్చేదో 1990లలో అమెరికా శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో తయారుచేసి వినిపించారు. కల్పన పక్కనే ఇలాంటి నిజం ఒకటి పెట్టావనుకో, చదివేవాడికి రెండూ దక్కుతాయి.

నువ్వే సొంతంగా డైనోసార్ సాహస కథ రాయాలనుకుంటున్నానన్నావు కదా, రాయి, తప్పకుండా రాయి. కాకపోతే ఇస్లా నుబ్లార్‌ని మళ్లీ గీయొద్దు, అది వాళ్లు ఇప్పటికే గీశారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది, వెళ్లి చూడు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన ఎముకలవి. దాని పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్, 1988లో పెట్టారు. సుమారు 12 జంతువుల ఎముకలు దొరికినా తల ఎముక మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. అంటే మనకి దాని ముఖం తెలియదు! నీ కథలో ఒక పిల్ల ఆ జంతువు బొమ్మ గీయడానికి కూర్చుందనుకో, మెడ దాకా గీసి ఆగిపోవాలి, అక్కడి నుంచి ఏం చేస్తుంది? ఊళ్లో తాతని అడుగుతుందా, రెండు పళ్లు చూసి ఆకులు తినే జంతువని పట్టుకుంటుందా, తనకి నచ్చిన ముఖం పెట్టేసి ఎవరితోనైనా పోట్లాడుతుందా? ఇది ఎవరూ నీకు ఇవ్వక్కర్లేని వివరం, మన నేలలోంచే వచ్చింది, కథ మొత్తాన్ని మోయగలదు.

వ్యాసం సంగతికొస్తే, బంపీ, టోరో, రేవు, పారాసారోలోఫస్ ఉంచి మిగతావి తీసేసి మళ్లీ రాయి. విడుదల తేదీలూ ఎపిసోడ్ల లెక్కా చివర రెండు వాక్యాల్లో సరిపోతాయి. కథ అయితే మొత్తం పూర్తయ్యేదాకా ఆగొద్దు, ఆ పిల్ల మెడ దగ్గర పెన్సిల్ ఆపే దాకా రాసి పంపు, చదివి వెంటనే ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
మీ అక్క