ఒకే వీడియో పాఠం ఒకరికి ఎక్కి, ఇంకొకరికి ఎందుకు ఎక్కదు?

ఒకే వీడియో చూసి మీ బాబు గడగడా అప్పజెబుతున్నాడు, పాప తెల్లమొహం వేస్తోంది, పాపకు శ్రద్ధ లేదా అని అడిగారు. శ్రద్ధ సంగతి పక్కన పెట్టండి. జీవశాస్త్రం చెప్పే నేనూ చాలాకాలం అలాగే పొరబడ్డాను.

పదో తరగతికి రక్తప్రసరణ వీడియో వేసేదాన్ని. బాణాలు పరుగెడుతుంటాయి, గొంతు వివరిస్తుంటుంది, కింద అవే మాటలు అక్షరాల్లో పోతుంటాయి. ముందు బెంచీ అమ్మాయి ఒకతె నోట్సులో ‘కుడి కర్ణిక’ అని రాసి తలెత్తేసరికి రక్తం ఊపిరితిత్తులు దాటిపోయేది. ఇక రాసేది కాదు, పెన్నుకు మూత పెట్టేసేది. పొగరనుకున్నాను.

విన్నదీ చూసినదీ కాసేపు పట్టి ఉంచి జతచేసుకునే వర్కింగ్ మెమరీ ఎవరికైనా ఇరుకే. అందులో ఏడు అంశాల వరకు పడతాయని 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ రాస్తే, 2001లో మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవాన్ ఆ లెక్కను నాలుగు దాకా దించాడు. ఆ నాలుగైనా అందరికీ ఒకేలా ఉండవు. పుస్తకమైతే వేలు పెట్టుకుని వెనక్కి వెళ్లవచ్చు, వీడియో మన కోసం ఆగదు.

2001లోనే రిచర్డ్ మేయర్, పాల్ చాండ్లర్ అనే పరిశోధకులు మెరుపు ఎలా పుడుతుందో చెప్పే యానిమేషన్‌ను 16 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క అయ్యాక విద్యార్థే బటన్ నొక్కి ముందుకు వెళ్లాలి. ఆపకుండా చూసినవాళ్ల కన్నా వీళ్లు కొత్త ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు.

నాది అంతకన్నా నాటు పద్ధతి. కర్ణిక, జఠరిక, ధమని పేర్లు ముందే బోర్డు మీద రాయించాను. తెర అడుగున అట్టముక్క అంటించి అక్షరాలు మూసేశాను. గుండెలో ఒక్కో గది దగ్గర వీడియో ఆపి, నోట్సులో బాణం గీయమన్నాను. ఆ అమ్మాయి పెన్ను మూత తీసే ఉంచింది. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో చెడు రక్తం ఎందుకుంటుందన్న తికమక మాత్రం పోలేదు. అది నాకే ఇంటర్ దాకా పోలేదు లెండి!

అయితే పాఠం ఇంగ్లీషులో ఉండి, పాపకు ఆ యాస అందకపోతే అక్షరాలు మూయకండి, అప్పుడు అవే ఊతం. బాబుకు విడిగా చూపించండి. తెలిసిన పాఠం మాటిమాటికీ ఆపితే వాడికి విసుగు, పక్కన కూర్చుని చెల్లిని తొందరపెడతాడు కూడా. రిమోట్ పాప చేతికే ఇవ్వండి.