లైను డౌన్ అయిందా, డౌన్ చేశారా?

సందేహం: టెలికం టెక్నీషియన్ల శిక్షణ కోసం, నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో వాళ్ల పాత మాన్యువల్ ఒకటి తెలుగు చేస్తున్నాం. దూరదూరపు ఆఫీసులను కలిపే వైడ్ ఏరియా నెట్‌వర్క్ స్విచ్‌లో సర్క్యూట్ లైన్లను అప్ చేయడం (అంటే పనిలో పెట్టడం), కాన్ఫిగర్ చేయడం, అలారాలు క్లియర్ చేయడం అందులో విషయం. మాలో ఒకరు ‘వలయ రేఖ క్రియాశీలం చేయబడినది’ అని రాస్తే, ఇంకొకరు ‘లైను అప్ అయింది’ చాలంటున్నారు. ఏది సరి?

సమాధానం: మొదటిది వద్దండీ. రెండోది తెలుగే, కానీ అన్నిచోట్లా సరిపోదు. ఎందుకో చెప్తాను.

ముందు పేరు సంగతి. ఫిజిక్సు పుస్తకాల్లో సర్క్యూట్‌ని వలయం అంటారు, నిజమే. కానీ ‘వలయ రేఖ’ చదివిన కుర్రాడికి గుండ్రంగా గీసిన గీత కనిపిస్తుంది తప్ప, కస్టమర్ ఆఫీసులోని ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజి) నుంచి స్విచ్‌లోకి వచ్చే టీ1, ఈ1 అనే డిజిటల్ లైను కనిపించదు. ‘లైన్లో ఉండండి’, ‘లైను దొరకట్లేదు’ అని ఇన్నేళ్లుగా అంటున్నాం, ఇక లైను పరాయి మాట ఎలా అవుతుంది? ఇలాంటి స్విచ్‌లలో ఒక స్విచ్‌కీ ఇంకో స్విచ్‌కీ మధ్య ఉన్నదాన్ని ట్రంక్ అంటారు, దాన్నీ అలాగే ఉంచండి. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కూర్చున్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

అసలు తేడా వచ్చేది క్రియ దగ్గర. అరువు తెచ్చుకున్న మాటకు తెలుగు ‘అవు’నో ‘చేయు’నో తగిలిస్తుంది. తనంతట తాను జరిగితే ‘అవు’, ఎవరో జరిపిస్తే ‘చేయు’. మీ పాఠంలో సగం విషయం ఈ రెండిటి మధ్యే ఉంది. కేబుల్ తెగి లైను పోతే ‘డౌన్ అయింది’. ఆపరేటర్ కమాండు కొట్టి ఆపితే ‘డౌన్ చేశారు’. అలా ఆపింది ఇంకా ఆగే ఉంటే ‘డౌన్ చేసి ఉంది’. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోయి ‘చేయబడినది’ అని రాస్తారు, ఆఫీసు కాగితాల్లో తప్ప ఎవరి నోటా వినపడని మాట అది. ‘చేసి ఉంది’ అంటే ఎవరో చేశారనీ తెలుస్తుంది, ఆ స్థితి ఇప్పటికీ అలాగే ఉందనీ తెలుస్తుంది. టెక్నీషియన్‌కి కావలసింది సరిగ్గా ఈ తేడానే, ఎందుకంటే పనిచేస్తూ డౌన్ అయిన లైను అలారం ఇస్తుంది, డౌన్ చేసి ఉన్న లైను బాగోగులు స్విచ్ చూడనే చూడదు. ‘లైను డౌన్‌లో ఉంది’ అని రాశారంటే వాడు ఏ పని మొదలుపెట్టాలి? కేబుల్ వెతకాలా, కమాండు కొట్టాలా?

నెట్‌వర్క్ కుర్రాళ్లు ‘లింకు లేచిందా’, ‘సర్వర్ లేపారా’ అనడం మీరూ వినే ఉంటారు. అదీ ఇదే లెక్క. లేచు, లేపు జంట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. క్లాసులో చెప్పేటప్పుడు హాయిగా వాడండి. అచ్చులో ‘అప్ అవు, అప్ చేయు’ ఉంటే మేలు, కమాండులో ఉన్న మాటతో కలుస్తుంది. కమాండ్లను మాత్రం అనువదించకండి, వాటిని అక్షరం పొల్లు పోకుండా టైప్ చేయాలి. ఆ కమాండ్ల కురచ పేర్లు స్ట్రాటాకామ్ అనే కంపెనీ స్విచ్‌ల నుంచి వచ్చినవి, ఆ కంపెనీని సిస్కో 1996లో కొన్నది.

అలారాల దగ్గరైతే తెలుగే మీకు దారి చూపిస్తుంది. ఈ స్విచ్‌లలో కొన్ని అలారాలు లైను మీద దొర్లే తప్పుల లెక్క పెరిగి పెరిగి హద్దు దాటితే వస్తాయి. ఆ లెక్కను ఆపరేటర్ తుడిచేయవచ్చు, కాబట్టి ఇక్కడ ‘అలారం క్లియర్ చేయండి’. సిగ్నల్ పోయినందువల్ల వచ్చిన అలారం ఏ కమాండు కొట్టినా పోదు, లైను బాగుపడ్డాక అదే ‘క్లియర్ అవుతుంది’. రెండుచోట్లా ‘చేయండి’ అని రాస్తే వాడు పోని అలారం మీద కమాండు కొడుతూనే కూర్చుంటాడు! అన్నట్టు ‘సిగ్నల్ నష్టం’ అనకండి, నష్టం వ్యాపారంలో వస్తుంది. కరెంటు పోయినట్టే సిగ్నల్ కూడా పోతుంది.

ఇక కాన్ఫిగర్. ‘ఆకృతీకరించు’ అని కొన్ని సాఫ్ట్‌వేర్ మెనూల్లో కనిపిస్తుంది, ఆ మెనూలను తెలుగులో వాడేవాళ్లే దాన్ని తడుముకుంటూ చదువుతారు. ‘కాన్ఫిగర్ చేయు’ ఉండనివ్వండి, వివరించేటప్పుడు ‘సెట్టింగులు పెట్టు’ అనండి. ‘అమర్చు’ని మాత్రం దీనికి వాడొద్దు, అది చేత్తో చేసే పని: కార్డు అమర్చుతాం, సెట్టింగు పెడతాం. మీ పాఠంలో ఆ భాగం ఇలా ఉంటే నాకు నచ్చుతుంది: “కార్డు అమర్చాక ముందు లైను అప్ చేయండి. తర్వాత కాన్ఫిగర్ చేయండి. ఈ1 లైనులో సెకనుకు 2.048 మెగాబిట్ల వేగాన్ని 32 టైమ్ స్లాట్లుగా (వంతులుగా) పంచుతారు, మొదటిది ఫ్రేమింగ్‌కే (ఒక్కో వరుస ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడానికే) పోతుంది. లైన్ కోడింగ్ (బిట్లను లైను మీద సిగ్నల్‌గా పంపే పద్ధతి), ఫ్రేమింగ్ రెండు వైపులా ఒకేలా పెట్టాలి, లేకపోతే కేబుల్ బాగున్నా లైను సరిగా పనిచేయదు. ఆ తర్వాతే కనెక్షన్లు చేర్చండి. లైను డౌన్ చేయాలంటే ముందు దాని మీదున్న కనెక్షన్లు తీసేయండి.”

లైన్‌ను, లైనును రెండూ ఒప్పే, ఏదో ఒకటే పుస్తకమంతా వాడండి. బహువచనం లైన్లు. ‘లైన్స్‌లు’ అని మీలో ఎవరైనా రాసి ఉంటే, ఇంగ్లీషు బహువచనం మీద మళ్లీ తెలుగు బహువచనం ఎందుకు, తీసేయండి.