బంటీకి దూకడం వచ్చు, విసరడం నువ్వు నేర్చుకోవాలి

చిరంజీవి కీర్తికి, మామయ్య ఆశీస్సులు.

మన బంటీ డాక్ డైవింగ్ సాధన వీడియో నువ్వు పంపావు కదా, ఆపి ఆపి చూశాను. నీటి అంచున కట్టిన వేదిక (డాక్) మీద పరుగెత్తి, విసిరిన వస్తువు వెంట కుక్క నీళ్లలోకి ఎంత దూరం దూకుతుందో కొలిచే పోటీ కదా ఇది. బంటీ పరుగులో లోపం లేదు. నీళ్లంటే జంకు లేదు, ఉండమంటే ఉంటోంది. మరి 14 అడుగులు దాటడం లేదేమిటని అడిగావు. చివరి మూడు అంగలు చూడు. తల కిందికి వాలుతోంది, ముందుకాళ్లు ఒకసారి తడబడుతున్నాయి, డాక్ అంచుకి ఇంకా అడుగున్నర ఉండగానే గాల్లోకి లేస్తోంది. అప్పటికి బంపర్, అంటే నువ్వు విసరాల్సిన తేలే బొమ్మ, ఇంకా నీ చేతిలోనే ఉంది! అది నీళ్లలోకి వస్తుందో రాదో తెలియక వాడు బ్రేకు వేస్తున్నాడు. తప్పు వాడిది కాదమ్మా.

కొలత డాక్ అంచు నుంచి మొదలవుతుంది, కుక్క కాళ్లు లేచిన చోటు నుంచి కాదు. తోక మొదలు, అంటే తోక ఒంటితో కలిసే చోటు, నీటిని తాకినచోట కొలత ఆగుతుంది. కాబట్టి అంచుకి ముందు వదిలేసిన అడుగున్నర ఎవరి లెక్కలోకీ రాదు. అదే దూకుడు అంచు మీద నుంచి దూకితే 15 అడుగుల 6 అంగుళాలు. నువ్వు పేరివ్వాలనుకుంటున్న నార్త్ అమెరికా డైవింగ్ డాగ్స్ సంస్థ వాళ్ల లెక్కలో 10 అడుగుల నుంచి 14 అడుగుల 11 అంగుళాల వరకు జూనియర్, 15 నుంచి 19 అడుగుల 11 అంగుళాల వరకు సీనియర్. అంటే బంటీ కండ పెంచక్కర్లేదు, కొత్త విద్య నేర్పక్కర్లేదు. నువ్వు బంపర్ సమయానికి వదిలితే చాలు, డివిజన్ మారిపోతుంది.

అందుకని ముందు రెండు వారాలు కుక్కని పక్కన పెట్టి నీ చేతికి సాధన చేయించు. పెరట్లో సుద్దతో ఒక గీత గీయి, అదే డాక్ అంచు. నువ్వు గీతకి ఒక పక్కగా, కుక్క పరుగెత్తే దారికి అడ్డం రాకుండా నిలబడు. మీ తమ్ముణ్ణి 30 అడుగుల దూరం నుంచి గీత వైపు పరుగెత్తమను. వాడు నవ్వుతాడు, నవ్వనీ. వాడి చివరి రెండు మూడు అంగల మధ్య బంపర్ నీ చెయ్యి వదలాలి. వాడి కాలు గీత మీద పడే క్షణానికి బంపర్ వాడికి మూడు నాలుగు అడుగులు ముందు, బంటీ ముక్కు ఉండే ఎత్తు కంటే కాస్త పైన, ఇంకా ముందుకే వెళుతూ ఉండాలి. ఫోన్‌ని గీతకి సరిగ్గా పక్కన స్టాండ్ మీద పెట్టి స్లో మోషన్‌లో తీయి. వెనక నుంచి తీసిన వీడియో చూడ్డానికి బాగుంటుంది గానీ ఈ పనికి పనికిరాదు, అంచుకి కాలికి మధ్య ఎంత జాగా ఉందో అందులో కనపడదు.

విసురు ఎక్కడ చెడుతుందో చెబుతాను. ఆలస్యమైతే ఏమవుతుందో నీ వీడియోలోనే ఉంది. మరీ ఎత్తుగా విసిరితే కుక్క నిటారుగా లేస్తుంది, వెనక భాగం వేలాడి తోక ముందే నీటిని తాకేస్తుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు, కొలత మాత్రం తక్కువ వస్తుంది. మరీ కిందికి విసిరితే ముక్కు ముందు పెట్టి బావిలో పడ్డట్టు పడుతుంది. మరీ దూరం విసిరితే వస్తువు మీద ఆశ వదిలేసి నీళ్లవైపు చూస్తుంది. కావలసింది కుక్క కన్ను బంపర్ మీద, బంపర్ ఎప్పుడూ అందీ అందనంత దూరంలో. వెన్ను నీటికి సమాంతరంగా ఉండి, వెనక కాళ్లు చాపి ఉంటే అది మంచి దూకుడు.

ఇది వెంటాడించే పద్ధతి, అంటే ఛేజ్. ఇంకొకటుంది: బంపర్ ముందే నీళ్లలో వేసి, వెనక్కొచ్చి కుక్కని వదలడం. మొదటి పోటీకి కొందరు అదే చెబుతారు. చేతి సమయం కుదరనివాళ్లకి అది నయమే, తడబాటు ఉండదు. కానీ తేలే వస్తువు మీద కన్నుంటే తల కిందికే ఉంటుంది, దూకుడు చదునుగా పోతుంది. బంటీలాంటి పిచ్చి ఆత్రం ఉన్న కుక్కకి ఛేజ్ నేర్పించు. పోటీ రోజుకి నీ చెయ్యి కుదరలేదనుకో, సిగ్గుపడకుండా రెండో పద్ధతికి మారిపో.

డాక్ పొడవు 40 అడుగులు, వెడల్పు 8, నీటికి 2 అడుగుల ఎత్తు. పొడవు ఉంది కదా అని అందరూ కుక్కని ఆ చివర కూర్చోబెడతారు. నాకది నచ్చదు. చాలా కుక్కలకి 25 నుంచి 30 అడుగుల పరుగు చాలు, అంతకుమించితే వేగం పెరగదు, అంగల లెక్క మాత్రం తప్పుతుంది. 28 అడుగుల దగ్గర మొదలుపెట్టి మూడు దూకుళ్లు తీయి. మూడింట్లోనూ ఒకేలా అంచుకి అడుగు ముందు లేస్తుంటే, కూర్చోబెట్టే చోటు ఒక అడుగు ముందుకి జరుపు. అంచు దాటిపోయేట్టు చివరి అంగ కుదించుకుంటుంటే అరడుగు వెనక్కి జరుపు. డాక్ పక్కన అడుగుల గుర్తులుంటే వాటిని, లేకపోతే నీ అడుగులని నమ్ముకో. విసురు కుదరకముందు ఈ లెక్క మొదలుపెట్టకు. బంపర్ ఆలస్యమైనప్పుడు అంగ తడబడడం వేరు, దూరం కుదరక తడబడడం వేరు. రెండూ ఒకేసారి సరిచేయబోతే ఏది పనిచేసిందో నీకే తెలియదు.

బంపర్ తేలేది, మెత్తగా పళ్లకి ఆనేది, కొనకి చిన్న తాడున్నది తీసుకో. తాడు పట్టుకుంటే గాలిలో నేరుగా వెళుతుంది. ఒకే రకానివి రెండు ఉంచుకో, ఒకటి నీళ్లలో ఉంటే రెండోది చేతిలో ఉంటుంది. లావు బంపర్ వద్దు. నోరంతా తెరుచుకుని ఈదే కుక్క నీళ్లు మింగుతుంది. ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీనితో కుక్క ప్రాణానికే ముప్పు వస్తుంది.

ఎక్కువ నీళ్లు మింగితే రక్తంలో సోడియం పలుచబడి మెదడు వాస్తుంది. చలాకీ కుక్క ఉన్నట్టుండి మందకొడిగా అయిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది, అడుగు తూలుతుంది, కళ్లు గాజుకళ్లలా ఉంటాయి, చిగుళ్లు పాలిపోతాయి. అలసిపోయిందిలే అనుకుని పడుకోబెడితే గంటల్లో చెయ్యి దాటిపోతుంది. ఈ గుర్తుల్లో రెండు కనబడినా కారెక్కించి ఎమర్జెన్సీ వెట్ దగ్గరకి పరుగెత్తు, ఏం జరిగిందో దారిలోనే ఫోన్‌లో చెప్పు. రాకుండా ఉండాలంటే ప్రతి పది పదిహేను నిమిషాలకి నీళ్లలోంచి బయటికి తీసి, మూత్రం పోసేదాకా నడిపించు. దూకిన చోటు నుంచి రాంప్ (నీళ్లలోంచి బయటికి ఎక్కే వాలు) దాకా తొందరగా రావడం నేర్పిస్తే నోరు తెరిచి ఈదే సమయమే తగ్గుతుంది. దూరం పోటీలో వస్తువు తెచ్చిపెట్టాలన్న నిబంధన లేదు గానీ, కొలనులో చుట్లు కొట్టే కుక్క రెండో దూకుడుకి అలసిపోతుంది.

ఒక సాధనకి ఆరు నుంచి ఎనిమిది దూకుళ్లు చాలు. మధ్యలో విశ్రాంతి ఇవ్వు. ఇంకోటి, ఇంకోటి అని పెంచితే చివరివి అన్నీ చెడు దూకుళ్లే అవుతాయి, కుక్కకి వాటినే నేర్పినట్టవుతుంది. ముందు పది నిమిషాలు పట్టీ మీద నడక, తర్వాత నెమ్మదిగా పరుగు. చల్లటి ఒంటితో దూకిస్తే తుంటి ముందు కండరాలు, భుజాలు పట్టేస్తాయి. వాడికి నెలలు ఎన్నో రాయలేదు నువ్వు. ఆరు నెలలు నిండితే పోటీలోకి రానిస్తారు, కానీ ఎముకల ఎదుగుదల ఆగేదాకా, లాబ్రడార్‌కి సుమారు ఏడాదిన్నర, నిండు పరుగు దూకుళ్లు వద్దు. అప్పటిదాకా డాక్ అంచు నుంచి ఊరికే దిగడం, ఈత, రాంప్ ఎక్కడం చేయించు.

చెరువులో దూకే కుక్క కొలను దగ్గర ఆగిపోతే కంగారు పడకు. తేట నీళ్లలో అడుగు కనబడుతుంది, లోతు అంతుబట్టదు. ముందు రాంప్ నుంచే దించు, రాంప్ మీద నుంచే ఎక్కించు, లైఫ్ జాకెట్ వేసి పైనున్న పట్టీ పట్టుకుని ఐదారుసార్లు దారి చూపించు. బయటికి వచ్చే దారి తెలిసిన కుక్కకే దూకే ధైర్యం వస్తుంది. డాక్ మీద నుంచి తోయడం ఎక్కడా ఒప్పుకోరు, ఒప్పుకున్నా చేయకు. ఒక్కసారి తోశావంటే నెలల తరబడి నిన్ను నమ్మదు.

పోటీ సంగతులు క్లుప్తంగా. ఒక్కో స్ప్లాష్‌లో, అంటే ఒక్కో రౌండ్‌లో, రెండు దూకుళ్లు, అందులో మంచిదే లెక్క. మొదటి రోజుకి రెండు స్ప్లాష్‌లు మించి కట్టకు. ప్రాంగ్ కాలర్ (లోపల ముళ్లున్న మెడపట్టీ), షాక్ కాలర్ లాంటివి ఇంట్లోనే వదిలేయి. డాక్ మీద తినుబండారాలు కుదరవు, జేబులో మర్చిపోయిన బిస్కెట్ కూడా. నువ్వు జాతి కాగితాల గురించి అడిగావు. ఈ పోటీల్లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్లు మిశ్రమ జాతికీ టైటిల్స్ ఇస్తారు, అలాంటి కుక్కల కోసం వాళ్లు పెట్టిన కెనైన్ పార్ట్‌నర్స్ కింద నమోదు చేసుకుంటే సరి. మీ పక్కింటివాళ్లు హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న దేశీ కుక్కకీ దారి ఉందని చెప్పు, ఆ సన్నటి ఒళ్లు చూస్తే బాగా దూకేట్టే ఉంది. సౌండర్స్ అనే విప్పెట్ జాతి కుక్క 2019లో 36 అడుగుల 2 అంగుళాలు దూకింది, అదీ సన్నటి కుక్కే. బంటీని దానితో పోల్చకు, వాడి ఎముక వేరు.

ఆ రోజు పొద్దున మూడు నాలుగు గంటల ముందే తేలిగ్గా తిండి పెట్టు. నీడకి గొడుగు, క్రేట్, నాలుగు తువ్వాళ్లు, మంచినీళ్లు తీసుకెళ్లు. గోళ్లు రెండు రోజుల ముందు కత్తిరించు, అదే రోజు కత్తిరిస్తే పట్టు కుదరదు. లైన్‌లో నిలబడ్డప్పుడు డాక్ వైపు చూపించి ఉడికించకు. వాడు అరుస్తూ లాగుతూ అక్కడే సత్తువంతా పారబోస్తాడు. వీపు తిప్పి నిలబడి, నీ వంతుకి ముందు కుక్క ఎక్కినప్పుడు మాత్రమే బంపర్ బయటికి తీయి.

ఇంటికొచ్చాక చెవుల లోపల పొడిగుడ్డతో తుడిచి, పంజాల మెత్తలు ఒక్కొక్కటీ నొక్కి చూడు, డాక్ మీది గరుకుకి చీలిపోతుంటాయి. చల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఉన్న కుక్కకి మర్నాడు తోక తాడులా వేలాడవచ్చు, ముట్టుకుంటే మూలుగుతుంది. మామూలుగా కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గిపోతుంది, కానీ తోక విరిగిందేమో కాదేమో వెట్ చూసి చెప్పాలి. అది తగ్గేదాకా డాక్ మాట ఎత్తకు, వచ్చే వారం ఎంట్రీ కట్టేసినా సరే.

అక్కకి, బావగారికి నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య