విండ్సర్ కుర్చీ గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండులోని హై వికమ్ ఊరి విండ్సర్ కుర్చీల మీద (కాళ్లూ వీపూ కూర్చునే పలకలోకే దిగ్గొట్టిన కొయ్య కుర్చీలవి) నీ వ్యాసం చదివాను. "నైపుణ్యం", "కళాత్మకం" అన్న మాటలు పేజీ పేజీకీ ఉన్నాయి. కర్ర పచ్చిదో ఎండుదో మాత్రం ఒక్కచోటా లేదు. అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

కాళ్లకు వాడేది చిల్టర్న్ కొండల్లోని బీచ్ చెట్టు. (మొదటిసారి "బీచ్ చెట్టు" అనే రాయి, లేకపోతే మనవాళ్లకి విశాఖ ఇసుక గుర్తొస్తుంది.) దుంగ పచ్చిగా ఉండగానే చీలుస్తారు, కోయరు. రంపం పీచును తెంపుకుంటూ పోతుంది, చీలిక పీచు వెంటే నడుస్తుంది. అందుకే చీల్చిన కర్రతో చేసిన కాలు సన్నగా ఉన్నా బలంగా ఉంటుంది. ఎప్పుడూ సగానికి సగం చీల్చాలి. ఒకవైపు పలచబడితే చీలిక ఆ వైపే జారిపోతుంది. అప్పుడు మందంగా ఉన్న సగాన్ని వంగేలా నొక్కితే మళ్లీ మధ్యకు వస్తుంది. పొగడ్త తీసేసి ఇది పెట్టు.

ఆ ముక్కను గొడ్డలితో చెక్కి, రెండు పిడుల కత్తితో సాపు చేసి, తరిమెనకు (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే సాధనం) ఎక్కిస్తారు. తరిమెన మీద కర్ర "గిరగిరా తిరుగుతుంటే" అన్నావు. తప్పు. పైన వంగే గడ, కింద కాలితో తొక్కే పలక, రెంటికీ మధ్య కర్రకు చుట్టిన తాడు. తొక్కితే కర్ర పనివాడి వైపు తిరుగుతుంది, వదిలితే వెనక్కి. ఉలి కోసేది తొక్కినప్పుడే.

పచ్చిగా తరిమెన పట్టిన కాలు ఆరాక గుండ్రంగా ఉండదు. బీచ్ కర్ర వయసు వలయాల వెంట ముడుచుకునేది వలయాలకు అడ్డంగా ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. పాత కుర్చీ దొరికితే కాలును రెండు దిక్కులా కొలిచి చూడు, ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. ఇలాంటి కొలత ఒక్కటుంటే పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

కూర్చునే పలక ఎల్మ్ చెట్టుది, రెండంగుళాలకు అటూ ఇటూగా మందం. ఎల్మ్ పీచు అల్లుకుపోయి ఉంటుంది, అంచుకు దగ్గరగా బెజ్జం వేసి కాలు దిగ్గొట్టినా సులువుగా పగలదు. పనివాడు పలక మీదే నిలబడి, పాదాల మధ్య బాడిసతో పీచుకు అడ్డంగా తొలుస్తాడు. పీచు వెంట కొడితే అంచు దిగబడి పెళ్ల లేచిపోతుంది. బాడిస అని ఊరుకోకు. మన వడ్రంగి బాడిస పిడి పొట్టి, ఒంటిచేతి పని. అక్కడిది పొడుగు పిడి, రెండు చేతుల పని.

అతుకు దగ్గర నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. పచ్చికర్ర కుర్చీల కిటుకంతా అక్కడే. లోపలికి దిగే కొస బాగా ఎండాలి, బెజ్జం ఉన్న కర్రలో కాస్త తడి మిగలాలి. కొస తేమ పీల్చి ఉబ్బుతుంది, బెజ్జం ఆరుతూ బిగుసుకుంటుంది. తారుమారైతే కుర్చీ కదలడం మొదలవుతుంది. కొస పలక పైకి వచ్చే రకంలో దాన్ని చీల్చి, ఆ చీలికలో చెక్క చీల కొడతారు. ఆ చీల పలక పీచుకు అడ్డంగా ఉండాలి, లేకుంటే పలకే విచ్చుకుంటుంది.

వీపు వంపుకు ఆష్ చెట్టు కర్ర గానీ యూ చెట్టు కర్ర గానీ. అంగుళం మందానికి గంట ఆవిరి లెక్క. బయటికి తీశాక చల్లారేలోపే వంచెయ్యాలి. పీచు మధ్యలో తెగి ఉంటే వంపు వెలుపలి వైపు అక్కడే విరుగుతుంది.

ఇంకోటి. నీ వ్యాసంలో కుర్చీ మొత్తం ఒక్కడే చేశాడు. వికమ్‌లో అప్పట్లో అలా కాదు. అడవిలో కాళ్లు తీసేవాడు, పలక తొలిచేవాడు, వంపు వంచేవాడు, బిగించేవాడు వేరు వేరుగా ఉండేవారు. అడవివాణ్ణి "బాడ్జర్" అంటారు గానీ ఆ మాట అచ్చులోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే, 18వ శతాబ్దపు పనివాడి నోట పెట్టకు. అతను "వందలాది కాళ్లు" అమ్మాడనీ రాయకు. గ్రోసు (పన్నెండు డజన్లు) లెక్క అది: 144 కాళ్లు, వాటితోపాటు కాళ్లను కలిపే 108 అడ్డకర్రలు. కుర్చీకి నాలుగూ మూడూ చొప్పున 36 కుర్చీలకు సరిపడా సరుకు.