నాయినకు ప్రోస్టేట్ 85 గ్రాములు ఉంది, లేజర్ చేయించాల్నా, గోలీలతోనే లాగాల్నా?

తమ్ముడూ, మీ నాయినకు 72 ఏండ్లు, ఒకపారి ఒంటేలు మొత్తానికే బందై పైపు ఏసిండ్రు, పైపు తీసినంక గూడ స్కానింగ్‌ల 250 ఎంఎల్ ఒంటేలు మూత్రసంచిలనే మిగుల్తున్నది అని రాసినవ్ కద. గీడి దాక వచ్చినంక గోలీలతోని ఎక్కువ రోజులు లాగుడు మంచిది గాదని నా మాట. నాది నల్లగొండ, ఆర్టీసీల డ్రైవర్ గ చేసి రిటైర్ అయిన, నాది 90 గ్రాములు దాటినంక హైదరాబాద్‌ల హోలెప్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్న.

ప్రోస్టేట్ గ్రంథి పెరిగినంత మాత్రాన క్యాన్సర్ గాదు, ముందుగాల ఆ భయం తీసెయ్యమను. వయసు మీద పడ్డంక గ్రంథి పెరిగి మధ్యల నుంచి పోయే మూత్రనాళాన్ని ఒత్తుతది, గంతే. అయినా క్యాన్సర్ అనుమానం చూసేటందుకు పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయిస్తరు, చేయించుర్రి, కాకపోతే పైపు ఏసినప్పుడు పీఎస్ఏ ఊకెనే పెరిగి కనవడ్తది, గ్రంథిని తగ్గించే డ్యుటాస్టెరైడ్ గాని ఫినాస్టెరైడ్ గాని ఆర్నెళ్లకెళ్లి మింగుతుంటే సగానికి పడిపోయి కనవడ్తది, అందుకే ఏ గోలీలు ఎప్పటిసంది వాడుతున్నరో ఆ చిట్టి డాక్టర్ ముందట పెట్టాలె.

ఇగ లేజర్ సంగతి. బోర్డు మీద లేజర్ అని రాస్తే సాలు మనోళ్లు ఉరుకుతరు. లేజర్లల్ల గూడ రకాలున్నయ్, ఏది చేస్తరో పేరు పెట్టి అడుగు. టర్ప్ అంటే లేజర్ గాదు, మూత్రం దారి నుంచే కెమెరా పంపి కరెంటు తీగతోని చిన్న చిన్న ముక్కలు గోకి తీస్తరు, పాతదే గని ఇప్పటికీ మంచిదే, 80 గ్రాముల లోపు అయితే ఎక్కువ అదే చేస్తరు. హోలెప్ అంటే బత్తాయి తొక్క అట్లనే ఉంచి లోపలి గుజ్జు వొలిచినట్టు లేజర్ తోని వొలిచి మూత్రసంచిలకు నెట్టి, ఆడ మిషన్ తోని తురిమి బయటికి గుంజుతరు, సైజు ఎంత పెద్దగున్నా నడుస్తది. రెండిట్ల పొట్ట మీద కోత లేదు. తీసిన ముక్క బయాప్సీకి పోతది. ఆవిరి పట్టే రెజూమ్, క్లిప్పులు ఏసే యూరోలిఫ్ట్ అని గూడ ఉన్నయ్, అవి చిన్న, మధ్య సైజులకే. తొడ దగ్గర గాని మణికట్టు దగ్గర గాని రక్తనాళంలకెళ్లి సన్న గొట్టం పంపి గ్రంథికి పోయే రక్తం ఆపేది ఇంకోటి ఉంది, పెద్ద మత్తు తట్టుకోనోళ్లకు పనికొస్తది గని ఫలితం కనవడేసరికి వారాలు, నెలలు పడ్తది.

ఇంకోటి అడుగు, మూత్రసంచికి ఇంక నెట్టే బలం ఉందా అని. ఏండ్ల తరబడి ముక్కి ముక్కి అది సల్లబడ్తే అడ్డం తీసేసినా ధార రాదు, అనుమానం ఉంటే యూరోడైనమిక్ టెస్ట్ చేస్తరు. కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష గూడ చూపెట్టుకోర్రి.

నాకు నడుముకు మత్తు సూది ఇచ్చి చేసిండ్రు. మన మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము బిగుసుకపోయినోళ్లు మస్తుగున్నరు, వాళ్లకు ఆ సూది దిగుడే కష్టం, కాళ్లు ఎత్తి పండవెట్టుడు గూడ కష్టం, మీ నాయినకు గట్ల ఏమన్న ఉంటే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పుర్రి. సర్జరీ అయినంక రాత్రంత పెద్ద పెద్ద సెలైన్ సంచులు ఏలాడదీసి పైపుల నుంచి లోపలికి నీళ్లు ఇడుస్తనే ఉంటరు, రక్తం గడ్డకట్టకుంట. బ్యాగుల ఎర్రగ పోతుంటే మా ఆడామె ఏడుపందుకున్నది, సిస్టర్ వచ్చి పైపు ఇట్ల పిండి, రంగు సూడమ్మ పల్సబడ్తున్నది అన్నది, తెల్లారేసరికి లేత గులాబీ రంగుకు వచ్చింది. పైపు తీసినంక డబ్బల పోయమని కొలుస్తరు. ధార మంచిగనే వచ్చింది గని మంట ఉండె, ఇంక ఆపుకునుడు చేతగాకపాయె, దగ్గితే తుమ్మితే రెండు సుక్కలు కారేది. కొన్ని వారాలు ప్యాడ్ పెట్టుకున్న, ఒంటేలు ఆపుకునే కండను బిగవట్టి ఇడిసే ఎక్సర్‌సైజ్ చెప్పిండ్రు, చేసిన, తగ్గింది. నెల దాక బండి నడుపుడు, బియ్యం మూట లేపుడు, దొడ్డికి పోయినప్పుడు ముక్కుడు వద్దన్నరు. మధ్యల ఒకపారి మళ్ల ఎర్రగ వస్తే పరేషాన్ గాకుర్రి, నీళ్లు ఎక్కువ తాగితే సర్దుకుంటది, గడ్డలు గడ్డలు పడి ఒంటేలు ఆగితేనో జ్వరం వస్తేనో ఉరకాలె.

ఒకటి డాక్టర్లు గబగబ చెప్పి దాటేస్తరు, పేషెంటు సిగ్గుకు అడగడు. టర్ప్ గాని హోలెప్ గాని అయినంక చాలమందికి వీర్యం బయటికి రాదు, ఎనకకు మూత్రసంచిలకే పోతది. మనిషికేం నష్టం గాదు గని ముందే తెల్వకపోతే గాబరా పడ్తడు, కొడుకువి నీకు చెప్పుడు ఇబ్బంది అయితే డాక్టర్‌నే చెప్పమను.

పైసల సంగతి, ఆరోగ్యశ్రీల ఏది కవర్ అయితదో దవాఖానల ఆరోగ్యమిత్ర ఉంటరు, తేదీ పెట్టుకోక ముందే అడుగు. రక్తం గడ్డకట్టకుంట ఇచ్చే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ గోలీలు ఏస్కుంటుంటే గుండె డాక్టర్‌ను అడగకుంట మీరే బంద్ చెయ్యకుర్రి. ఇంక సర్జరీ అయ్యేదాక జలుబు గోలీలు మెడికల్ షాపుల కొని ఇయ్యకుర్రి, ముక్కు దిబ్బడకు ఏసే మందు చానా వాటిల్ల కలిసుంటది, దాంతోని మళ్ల ఒంటేలు బందైతది, మా వాడకట్టుల ఒకాయనకు గట్లనే అయితే అర్ధరాత్రి ఆటోల తీస్కపోయి పైపు ఏపిచ్చిండ్రు.