పని ముగిశాక పది నిమిషాలు

చేసే పనిలో అర్థం కనిపించడం లేదని, ఏళ్లు గడుస్తున్నా ఎదుగూ బొదుగూ లేదని నగరం నలుమూలల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: పంజాగుట్ట దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే ఫారాలు, అవే స్కానింగులు, అవే ఫోన్లు. రోజూ కాసేపు కూర్చుని ఆలోచించుకుంటే పనిలో అర్థం దొరుకుతుందంటారు. నేను కూర్చుంటే ‘ఇంతేనా నా బతుకు’ అన్న మాట తప్ప ఇంకేమీ తట్టడం లేదు. అసలు ఏం ఆలోచించాలి? – ఒక పాఠకురాలు, సనత్‌నగర్

బతుకు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇవాళ మీ చేతికొచ్చిన ఫైళ్లలో ఒక్కదాని గురించి ఆలోచించండి. ‘ఇంతేనా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనసు దగ్గర ఆధారాలేమీ ఉండవు, అందుకే అది దిగులులోకి జారుకుంటుంది. ఒక ఫైలు విషయం వేరు. అందులో టైములుంటాయి, కాగితాలుంటాయి, మనుషులుంటారు. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఒక రూళ్ల నోటుపుస్తకం కొనుక్కోండి. ఫోనులో వద్దు, తెరవగానే వాట్సాప్ లాగేస్తుంది. షిఫ్టు అయ్యాక, బ్యాగు సర్దుకోకముందే పది నిమిషాలు కూర్చుని నాలుగు అంశాలు రాయండి. మొదట జరిగింది జరిగినట్టు, ఒక్క సంఘటన. తర్వాత అందులో మీరు చేసిందేమిటి. మూడోది, దానివల్ల ఎవరికి ఏమైంది. నాలుగోది, రేపు మార్చే ఒక్క పని. పేషెంటు పేరు ఎక్కడా రాయవద్దు, ఫైలు నంబరులో చివరి మూడంకెలు చాలు.

ఉదాహరణకు ఇలా ఉండాలి: ‘మోకాలి ఆపరేషన్ కేసు. 12.20కి ఫైనల్ బిల్లు పంపాం. 2.05కి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది, ఇంప్లాంట్ స్టిక్కరు, ఇన్‌వాయిస్ కావాలన్నారు. స్టిక్కరు ఓటీ (ఆపరేషన్ థియేటర్) నోట్సు వెనక అతికించి ఉంది, ముందువైపు మాత్రమే స్కాన్ చేశాను. మళ్లీ పంపితే 5.40కి అప్రూవల్ వచ్చింది. ఆయన భార్య మధ్యాహ్నం నుంచి కౌంటరు ముందే కూర్చుంది, భోజనానికి కూడా వెళ్లలేదు. రేపటి నుంచి ఎముకల కేసు ఏది వచ్చినా ఓటీ నోట్సు రెండువైపులా స్కాన్ చేస్తాను.’

‘ఈరోజు బిజీ, విసుగొచ్చింది’ అని రాస్తే వారం తర్వాత చదివినా మీకే ఏమీ అర్థం కాదు. రోజంతా జరిగిందల్లా రాయబోతే నాలుగో రోజుకే మానేస్తారు. ఎక్కువమంది తప్పేది మాత్రం చివరి అంశం దగ్గర. ‘ఇకపై జాగ్రత్తగా ఉండాలి’ అని రాస్తారు. అది పని కాదు, మొక్కుబడి. రేపు పదకొండు గంటల్లోపు చేతులతో చేయగలిగేదై ఉండాలి.

శనివారం ఒక ఇరవై నిమిషాలు వారం మొత్తాన్ని చదవండి. క్వెరీలు ఏ కారణాలతో వచ్చాయో ఒక పేజీలో గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. బీపీ, షుగరు ఎన్నాళ్లుగా ఉన్నాయో కేస్‌షీట్‌లో రాయకపోవడం, మొదట చూపించుకున్న డాక్టరు చీటీ లేకపోవడం, యాక్సిడెంటు కేసులో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) కాపీ జత చేయకపోవడం, రిపోర్టు మీద తేదీ సరిపోలకపోవడం... మీ డెస్కులో ఏది ఎక్కువో ఊహించడం వేరు, గీతల్లో చూడటం వేరు. క్యాష్‌లెస్ కేసుల్లో చేరేటప్పుడు గంటలోపు, డిశ్చార్జి అభ్యర్థన అందాక మూడు గంటల్లోపు నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఇన్సూరెన్సు కంపెనీలకు చెప్పింది. మన వైపు నుంచి ఒక కాగితం తగ్గితే ఆచరణలో ఆ సమయం సాగిపోతుంది. కాబట్టి మీ గీతల్లో ‘షుగరు ఎన్నాళ్లుగా’ అన్నదే ఎక్కువగా కనిపిస్తే, డిశ్చార్జికి ముందురోజు సాయంత్రమే ఆ వార్డు సిస్టర్‌కి ఒక చిన్న చీటీ పంపే ఏర్పాటు చేయండి. రెండో నెల ముగిశాక రెండు నెలల గీతలూ పక్కపక్కన పెట్టి మీ పైవాళ్లకు చూపించండి. ఎనిమిదేళ్ల అనుభవం అంటే ఏమిటో అప్పుడు కాగితం మీద కనబడుతుంది. మీ డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు నేర్పడానికి కూడా అదే పాఠ్యపుస్తకం.

మూడో అంశాన్ని మాత్రం ఏ రోజూ వదలవద్దు. మన పని ఎవరికి చేరుతోందో కంటికి కనిపించకపోతే ఎంత ఓపికైనా అరిగిపోతుంది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్ల ద్వారా విరాళాలు సేకరించే ఉద్యోగుల మీద మనస్తత్వ శాస్త్రవేత్త ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థిని కొందరు ఉద్యోగులు కొద్ది నిమిషాలు కలిశారు, అంతే. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోను మీద గడిపే సమయం 142 శాతం, తెచ్చిన విరాళాలు 171 శాతం పెరిగాయి. ఆ నెలలో జీతమూ మారలేదు, పనీ మారలేదు. మీకైతే ఆ మనుషులు రోజూ కౌంటరు అద్దానికి అవతలే కూర్చుంటున్నారు.

ప్రశ్న: కొత్తపేటలో చిన్న టైలరింగ్ షాపు నాది. ఏడో తరగతితో చదువు ఆగింది, రాసుకోవడం నావల్ల కాదు. కుట్టిన జాకెట్లు ఆల్టరేషన్‌కి తిరిగి వస్తూనే ఉన్నాయి. పదేళ్లయినా పని మెరుగుపడలేదంటే నాకు ఈ విద్య అబ్బలేదేమో అనిపిస్తోంది. – ఒక పాఠకురాలు, కొత్తపేట

విద్య అబ్బిందో లేదో తేల్చడానికి కావలసిన లెక్క మీ కొలతల పుస్తకంలోనే ఉందమ్మా. కొత్తగా ఏమీ రాయనక్కర్లేదు. ఎర్ర పెన్ను ఒకటి ఆ పుస్తకానికి దారంతో కట్టేయండి. జాకెట్టు తిరిగి రాగానే ఆ కస్టమరు కొలతల పక్కన ఎర్ర చుక్క పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో ఒక్క అక్షరం వేయండి. భుజానికి ‘భు’, చంకకు ‘చం’, మెడకు ‘మె’, ఉతికాక వచ్చిందైతే ‘ఉ’. వారానికోసారి షట్టరు దించాక పది నిమిషాలు ఆ పేజీలు తిరగేయండి.

ఒక్కరికే మళ్లీ మళ్లీ తేడా వస్తుంటే అది ఆ మనిషి ఒడ్డూ పొడుగూ తీరు. వాళ్లకు ఆది జాకెట్టును నమ్ముకోవద్దు. ఏడాది తొడిగిన ఆది సాగి ఉంటుంది, ఈలోగా మనిషీ మారి ఉంటుంది. టేపుతో మళ్లీ కొలవండి. అదే తేడా పదిమందికి వస్తుంటే మీ కటింగులోనే ఉంది. అందరికీ భుజం జారుతుంటే మెడ వెడల్పు ఎక్కువ తీస్తున్నారు. చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంటే చంక లోతు ఎక్కువైంది. బిగుతుగా ఉందని ఆ చంకను ఇంకా కిందికి కత్తిరిస్తే మరింత చెడుతుంది, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఇచ్చిన రోజు బాగుండి మొదటి ఉతుకు తర్వాత ముడతలు పడుతోందంటే కాటన్ లైనింగు కుంచించుకుపోయింది. లైనింగు కొన్న రోజే నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. పక్క కుట్ల లోపల ఇరువైపులా అంగుళం చొప్పున గుడ్డ వదిలితే తర్వాత వదులు చేయడానికి వీలుంటుంది. ట్రయల్ అప్పుడు అద్దం ముందు నిలబెట్టి పంపేయకండి. రెండు చేతులూ పైకెత్తించండి, ఒకసారి కూర్చోబెట్టండి.

ఇంకొక్క మాట. నీలం పెన్ను కూడా కట్టండి. ఒక కస్టమరు తన చెల్లెల్నో పక్కింటావిడనో వెంటబెట్టుకొస్తే ఆ పేరు పక్కన నీలం చుక్క పెట్టండి. ఎర్ర చుక్కలే చూస్తూ కూర్చుంటే పదేళ్ల పనితనం మీ కంటికే ఆనదు.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు పనిని తలచుకోవడం మంచి అలవాటని మొదలుపెట్టాను. ఇప్పుడు దొర్లిపోయిన బగ్గులు (సాఫ్ట్‌వేర్ లోపాలు), మీటింగులో మేనేజరు అన్న మాటలే తిరుగుతున్నాయి. రెండింటి దాకా నిద్ర రావడం లేదు. – ఒక పాఠకుడు, కొండాపూర్

వెంటనే ఆపేయండి, పడకమీద మాత్రం. మీరు చేస్తున్నది సమీక్ష కాదు, గాయాన్ని గోకడం. ఇలా ఒకే ఆలోచనను పదే పదే తిప్పుకుంటే దిగులు తగ్గదు సరికదా మరికొంతకాలం సాగుతుందని సుసాన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చూపించాయి.

ఈ పనిని ల్యాప్‌టాప్ మూసేముందుకు మార్చండి. ఫోనులో పది నిమిషాలకు అలారం పెట్టండి, మోగగానే వాక్యం సగంలో ఉన్నా సరే ఆపేయండి. ‘నేనెందుకిలా’ అని అడిగితే మనసు మీ గుణగణాల జాబితా తీస్తుంది. ‘ఏ అడుగులో జారింది’ అని అడిగితే పని వైపు చూస్తుంది. రోజు, నెల తారుమారయ్యే బగ్గు ఒకటి మీ కళ్లుగప్పి కస్టమరు దాకా వెళ్లిందనుకోండి. మీ టెస్టు డేటా తీసి చూస్తే తేదీలన్నీ 12 లోపువే ఉండవచ్చు. జూన్ 5ను మే 6గా తీసుకున్నా సిస్టమ్ ఎర్రర్ ఇవ్వదు, 25వ తేదీ వేసి ఉంటేనే పట్టుబడేది. రేపటి పని తేలిపోయింది: డేటాలో 12 దాటిన తేదీలు చేర్చడం. ఇందులో మీ తెలివితక్కువతనం ప్రస్తావన ఎక్కడా రాలేదు చూడండి.

మేనేజరు మాటల్లాంటివి బాగా గుచ్చుకున్న రోజు ‘నేను’ అని కాకుండా మీ పేరుతో, వేరే మనిషి గురించి రాసినట్టు రాయండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్ బృందం చేసిన ప్రయోగాల్లో ఈ చిన్న మార్పు బాధ తీవ్రతను తగ్గించింది. రాసేదాంట్లో ఆ రోజు ముందుకు కదిలిన పని ఒక్కటైనా ఉండాలి. పరిశోధకులు థెరెసా అమబిలె, స్టీవెన్ క్రేమర్ ఏడు కంపెనీల్లో 238 మంది రాసిన సుమారు 12,000 రోజువారీ డైరీలను పరిశీలిస్తే, ఉద్యోగులు మంచి రోజులుగా చెప్పుకున్నవాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది ఇదే, ముఖ్యమనుకున్న పని కాస్తయినా ముందుకు సాగడం.

ఇన్ని చేసినా రెండు వారాల పాటు నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోతే నోటుపుస్తకం మీద భారం వేయవద్దు. సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ టెలీమానస్ లైను 14416కి రాత్రింబగళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: కాల్ సెంటరులో పన్నెండు మంది టీముకు లీడ్‌ని. రోజు పనిని వాళ్లతో కూడా ఇలా సమీక్ష చేయిద్దామనుకుంటే తప్పులు వెతకడానికే కూర్చోబెట్టానని అనుకుంటున్నారు. – ఒక పాఠకుడు, ఉప్పల్

తప్పులు వెతుకుతున్నట్టే అడిగి ఉంటారు. అమెరికా సైన్యం 1970ల నుంచి వాడుతున్న పద్ధతి ఒకటుంది, అందులో నాలుగే ప్రశ్నలు: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. పని జరిగిన రోజే, పదిహేను నిమిషాలు మించకుండా కూర్చోండి. కొత్తగా చేరినవాళ్లు మొదట మాట్లాడాలి, మీరు చివర. లీడ్ ముందే అభిప్రాయం చెప్పేస్తే మిగతా పదకొండు మందీ తల ఊపి ఊరుకుంటారు. బాగా జరిగిన కాల్‌ను కూడా ఇలాగే విప్పి చూడండి. అక్కడ విన్నది అప్రైజల్‌లో ఒక్కసారి వాడారంటే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

ప్రశ్న: అబిడ్స్‌లో ఒక ఆడిటరు ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంటుని. రోజూ పనిలో జరిగింది, రేపు మార్చేది నోటుపుస్తకంలో నాలుగు వారాలు శ్రద్ధగా రాశాను. ఈ ఉద్యోగంలో నాకేమీ లేదని తేలింది. మానేయనా? – ఒక పాఠకురాలు, ఎల్బీనగర్

రాసినవన్నీ ముందు పెట్టుకుని ప్రతి ఫిర్యాదు పక్కనా ‘పని’, ‘మనుషులు’, ‘జీతం’, ‘ప్రయాణం’ అని వేయండి. నాలుగింటికీ మందులు వేరు. ఎక్కువ ‘ప్రయాణం’ అయితే పని వేళలు ఒక గంట ముందుకో వెనక్కో జరపమని అడగండి. ‘పని’ అయితే మానేసే ముందు ఒక నెల మార్చి చూడండి. వోచర్లు ఎంట్రీ చేయడమే మీ వంతయితే బ్యాంకు రీకన్సిలియేషనో (బ్యాంకు స్టేట్‌మెంటుతో లెక్కలు సరిచూడటం), ఒక్క క్లయింటు జీఎస్టీ రిటర్నో మొదటి నుంచి చివరి దాకా నాకివ్వండి అని అడగండి. పని ముక్కే తప్ప మొత్తం కనిపించనప్పుడు ఎవరికైనా విసుగు సహజం. ‘జీతం’ అయితే ఎంత ఆలోచించినా పెరగదు, బయట అదే పనికి ఎంత ఇస్తున్నారో నలుగురిని అడిగి వెళ్లి మాట్లాడాలి.

‘మనుషులు’ అని ఎక్కువసార్లు వస్తే జాగ్రత్తగా చదవండి. అవమానాన్ని ఓర్చుకోవడానికి ఆత్మపరిశీలన సాధనం కాకూడదు. తేదీ, టైము, అన్న మాటలు, ఎవరున్నారో ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోండి. అది లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అంతకంటే చిన్న ఆఫీసయితే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు.

మారాలనే నిర్ణయానికే వస్తే ఆ నాలుగు వారాల పేజీలు పారేయకండి. ‘రేపు మార్చే పని’ అని రాసుకున్నవాటిలో ఏవి ఫలించాయో ఏరి, క్లయింట్ల పేర్లు తీసేసి బయోడేటాలో పెట్టండి. ‘అకౌంట్స్‌లో అనుభవం ఉంది’ అన్న వాక్యం తీసేసి, ఏ లెక్క ఎక్కడ తప్పుతుంటే మీరేం మార్చారో, దానితో ఎన్ని గంటలు మిగిలాయో రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.