ల్వార్ లోయలోని డ్రై వైట్ వైన్లన్నీ ఒకే రుచిలో ఎందుకు ఉండవు?

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ దాదాపు పూర్తిగా ఆల్కహాల్‌గా మార్చివేసినప్పుడు మిగిలేది తీపి లేని వైన్, అంటే డ్రై వైన్. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం అందులో చక్కెర సాధారణంగా లీటరుకు 4 గ్రాములు మించకూడదు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు అనుమతిస్తారు. ఫ్రాన్సులోకెల్లా పొడవైన నది ల్వార్. అది సుమారు 1,000 కిలోమీటర్లు ప్రవహించే దారిలో నేల, వాతావరణం, ద్రాక్ష రకం మూడూ మారిపోతాయి కాబట్టి వైన్ల రుచి కూడా మారుతుంది.

అట్లాంటిక్ తీరానికి దగ్గరగా, నాంట్ నగరం చుట్టూ తయారయ్యే మస్కాడే అనే వైన్‌కు మూలం మెలోన్ ద బూర్గోన్య అనే ద్రాక్ష. 1709 నాటి భయంకరమైన చలికి అక్కడి తోటలు నాశనమయ్యాక, మంచును తట్టుకోగల ఈ రకం విస్తరించింది. దీని వాసన స్వతహాగా చాలా తేలిక. అందుకే పులియడం ముగిశాక అడుగున చేరిన ఈస్ట్ మడ్డిపైనే వైన్‌ను చలికాలమంతా ఉంచి, వేరే పీపాలోకి మార్చకుండా నేరుగా సీసాల్లో నింపే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఆ మడ్డి వల్లనే వైన్‌కు కాస్త చిక్కదనం, తాజాదనం వస్తాయి. ఆల్చిప్పల వంటకాలతో ఇంతగా పొసగే వైన్ మరొకటి లేదని నా అభిప్రాయం.

ఎగువన సాన్సేర్‌లో సోవిన్యోన్ బ్లాంక్ అనే ద్రాక్ష సున్నపురాయి, చెకుముకిరాయి నేలల్లో పండి, పదునైన పులుపునూ నిమ్మజాతి పరిమళాన్నీ ఇస్తుంది. మధ్యలోని వూవ్రేలో మాత్రం జాగ్రత్త అవసరం: నాసిక్‌లోనూ పండిస్తున్న షెనిన్ బ్లాంక్ ద్రాక్షతోనే అక్కడ తీపి వైన్లూ చేస్తారు గనుక, లేబుల్ మీద ‘సెక్’ (ఫ్రెంచిలో డ్రై అని అర్థం) అని ఉందో లేదో చూసి కొనాలి.